సూక్ష్మచిత్రాలలోని రాధాకృష్ణుల ముఖాలలో భావం ఎందుకు కనిపించదు?

పహాడీ సూక్ష్మచిత్రాలలో, అంటే హిమాలయాల దిగువనున్న కొండ రాజ్యాలలో వేసిన చిన్న చిత్రాలలో, రాధాకృష్ణుల ముఖాలన్నీ ఒకేలా ఉంటాయని, మరి ప్రేమను ఎక్కడ చూడాలని మీరు అడిగారు. నేను ధర్మవరంలో పట్టుచీరల అంచులకూ కొంగులకూ గ్రాఫు కాగితం మీద డిజైన్లు గీసేవాణ్ణి, చిత్రకళ చదువుకున్నవాణ్ణి కాను. ఢిల్లీ జాతీయ మ్యూజియంలో ఆ రాజ్యాలలో ఒకటైన కాంగ్రా శైలి గీతగోవింద చిత్రాల ముందు మొదటిసారి నిలబడినప్పుడు నాకూ ఇదే సందేహం వచ్చింది.

అంతకంటే పెద్ద పొరపాటు కూడా చేశాను. ఒక చిత్రంలో ఇద్దరు స్త్రీలు కనిపిస్తే ఒకరు రాధ, రెండవ ఆమె చెలికత్తె అనుకుని ముందుకు సాగిపోయాను. నాలుగడుగులు వేశాక, ఇద్దరి దుస్తుల రంగూ ఒకటేనని గుర్తొచ్చి వెనక్కి వచ్చి చూస్తే, ఆ ఇద్దరూ రాధే. ఒకచోట పొదరింట్లో ఎదురుచూస్తున్నది, మరొకచోట బయలుదేరి వెళుతున్నది. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీద కిరాతార్జునీయ ఘట్టాలలో ఒకే అర్జునుడు మళ్లీ మళ్లీ కనిపించడాన్ని చిన్నప్పటినుంచి మెడ నొప్పి పుట్టేదాకా చూసిన నేనే ఇలా మోసపోయాను.

ముఖం ఎక్కువగా ఒక పక్కనుంచే గీస్తారు కనుక అందులో భావాన్ని వెతకడం దండుగ. చెట్టును పెనవేసుకున్న తీగనూ, జంటగా వాలిన పిట్టలనూ, ఎవరూ లేని ఆకుల పాన్పునూ చూడండి. ప్రేమలో ఎనిమిది స్థితులలో ఉండే అష్టవిధ నాయికలు కూచిపూడి చూసినవారికి కొత్తవారు కారు; వారిలో ప్రియుణ్ణి కలవడానికి బయలుదేరిన అభిసారిక చీకట్లో, మెరుపుల మధ్య, పాములను దాటుకుంటూ నడుస్తూ, జారిపోయిన కాలి అందె వైపు తల తిప్పి చూస్తుంది. ఆమె తెగువంతా ఆ అందెలోనే ఉంటుంది.

జయదేవుని గీతగోవిందం 12వ శతాబ్దిది. మరో కొండ రాజ్యమైన గులేరు చిత్రకారుడు మానకు దానికి 1730లో చిత్రాలు వేశాడు. అంతకు ముందే, 17వ శతాబ్దంలో, నాయికానాయకుల రకాలను వర్ణించే భానుదత్తుని రసమంజరికి బసోలీ అనే మరో కొండ రాజ్యంలో వేసిన చిత్రాలలో నాయకుడిగా కృష్ణుణ్ణే చూపించారు. ఆ బసోలీ చిత్రాలలో నగల పచ్చలకు రంగు వేయలేదు. ఆకుపచ్చగా మెరిసే ఒక జాతి పురుగు రెక్కపెంకులను సన్నని తునకలుగా కత్తిరించి అతికించారు. ఫోనులో చూస్తే అవి నల్లని చుక్కల్లా ఉంటాయి. అసలు చిత్రం ముందు నిలబడి, తల కొంచెం పక్కకు వంచితే చాలు, రాధ మెడలో పచ్చ ఒక్కసారిగా వెలుగుతుంది. మా దగ్గర జరీ అంచు కొనేవారు కూడా చీరను అలాగే వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తారు.