కడుపుతో ఉన్న పిల్లను ఆమె దగ్గర కూర్చోనివ్వండి

మీరు అడిగింది ఇది. మీ పై వాటాలో అద్దెకుంటున్న 19 ఏళ్ల అమ్మాయికి ఆరో నెల. పుట్టింటివాళ్లు మాట్లాడరు, భర్త పొద్దంతా డ్యూటీలోనే ఉంటాడు. ఆ అమ్మాయి రోజూ మీ సందు చివర బుట్టలల్లే ఆమె దగ్గరికి పోయి కూర్చుంటోంది. ఆ బుట్టలామె కూతురు కిందటేడు కాన్పులో చనిపోయింది. "కడుపుతో ఉన్న పిల్ల అట్లాంటి మనిషి పక్కన కూర్చోవచ్చా, నువ్వైనా చెప్పు" అని మీ అత్తగారు పోరు పెడుతున్నారు. చెప్పాలా వద్దా అన్నది మీ సందేహం.

చెప్పకండి. పోనివ్వండి. ఆ అమ్మాయి ఇప్పుడున్న చోట నేను ఉండి వచ్చాను కాబట్టే ఇంత గట్టిగా అంటున్నాను.

ముందు ఒక్క విషయం. మీరు 19 అన్నారు కాబట్టి మిగతాదంతా రాస్తున్నా. 18 నిండని పిల్ల అయితే దారి వేరు. పిల్లలపై లైంగిక నేరాలకు పెట్టిన పోక్సో చట్టం కింద ఆసుపత్రివాళ్లు పోలీసులకు తెలియజేయాల్సి ఉంటుంది. అప్పుడు మొదటి ఫోన్ పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేయాలి, భయపడి ఆ పిల్లను ఆసుపత్రికి దూరం పెట్టకూడదు.

2019లో నాకూ 19 ఏళ్లే. ఇంటర్ అయిన ఏడాదికే పెళ్లి చేసుకుని జనగామ నుంచి వచ్చి సికింద్రాబాద్ వారాసిగూడలో ఒక్క గదిలో దిగాం. కులం వేరు కావడంతో మా ఇంట్లో నా పేరెత్తడమే మానేశారు. మా ఆయనకు గోదాములో రాత్రి డ్యూటీ, పగలంతా నిద్ర. మూడో నెలలో వేవిళ్లు మొదలయ్యాయి. పోపు వాసన వస్తే వాంతి, పక్కింట్లో పాయ ఉడికితే వాంతి, చివరికి బట్టల సబ్బు వాసనకు కూడా. ఆ సందులో నాకు సయించిన వాసన ఒక్కటే, నీళ్లు చల్లిన పచ్చి కంకది, అంటే వెదురుది. అందుకని బుట్టలల్లే మేదరి పెద్దమ్మ ఇంటి అరుగు మీద కూర్చునేదాన్ని. ఆమెకు యాభై దాటి ఉంటాయి. ఆమె కూతురు కూడా రెండేళ్ల ముందు కాన్పులోనే పోయిందని నాకు తర్వాత తెలిసింది. నన్ను చూసి పొమ్మనలేదు, రమ్మనలేదు. చాలా రోజులు అసలు మాట్లాడనే లేదు.

వెదురు పని దగ్గరగా చూడనివాళ్లకు చెప్తా. కంకను నిలువునా రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా చీల్చుకుంటూ పోతారు. పైన పచ్చగా ఉండే పొర గట్టిది, వంచినా విరగదు. లోపలి తెల్లటి భాగం మెత్తన, తొందరగా పురుగు పడుతుంది. రెండింటినీ వేరు చేసి, పై పొరను సన్నటి బద్దలుగా తీసి, తడి ఆరకముందే అల్లుకోవాలి. ఎండిందంటే వంచగానే పెళుక్కుమంటుంది. అందుకే చేతిలో చేట సగంలో ఉండగా లేచి పోవడానికి ఉండదు. ఆమెను ఆ రెండేళ్లూ నిలబెట్టింది ఆ పనేనని నాకు తర్వాత అర్థమైంది. ఏడుపొచ్చినా సరే, బద్ద ఎండేలోపు అల్లిక ముగించాలి.

ఒకరోజు ఓ కట్ట నా ముందుకు తోసి "సన్నయి ఇటు, దొడ్డుయి అటు ఏరు" అన్నది. మా మధ్య మొదటి మాట అదే. కొన్నాళ్లకు చేట అడుగు అల్లడం చూపించింది. రెండు ఎత్తి రెండు వదలాలి, తర్వాతి వరుసలో ఒకటి జరపాలి. కత్తి మాత్రం ముట్టనివ్వలేదు. "కాన్పైనంక నేర్పుత, ఇప్పుడొద్దు" అనేది. నేను అల్లినవి అమ్ముడుపోతే నా వాటా లెక్కగట్టి కొంగుముడి విప్పి ఇచ్చేది. వద్దంటే ఊరుకునేది కాదు. ఆ డబ్బు చిన్నదే, కానీ ఆ వయసులో, ఆ స్థితిలో నన్ను జాలిపడాల్సిన పిల్లగా కాకుండా పనిమంతురాలిగా చూసింది ఆమె ఒక్కతే.

దుఃఖంలో ఉన్న మనిషి ఎదుట కూర్చుంటే ఏదో ఒక ఓదార్పు మాట చెప్పాలనిపిస్తుంది. మరి 19 ఏళ్ల పిల్లకు అలాంటి మాటలు ఎక్కడినుంచి వస్తాయి? చేతుల్లో పని ఉంటే వాటితో అవసరం లేదు. ఎవరి కళ్లు వాళ్ల చేతుల మీదే ఉంటాయి. ఆమె కూతురి సంగతి నాకు అలాగే తెలిసింది, ఓ రోజు ఒక మాట, వారానికి ఇంకో మాట. 2017లో, తొలి కాన్పు, ఒక చిన్న నర్సింగ్ హోమ్. బాబు పుట్టాడు, తర్వాత రక్తం ఆగలేదు. రక్తం సీసా తెచ్చేసరికి ఆలస్యమైపోయింది. ఆ పిల్లవాణ్ణి అల్లుడి తరఫువాళ్లు తీసుకుపోయారు, ఎప్పుడో పండక్కి చూపిస్తారు. పాడెకు కంకలు ఇంటి ముందున్న కట్టలోంచే తీశారట. "నేనే ఏరిచ్చిన, వంకర లేనియి" అన్నది. చేతిలో అల్లిక ఆగలేదు.

ఇలాంటివి వినే మీ అత్తగారు భయపడుతున్నారు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. నేనూ ఆ రాత్రి నిద్రపోలేదు. అయితే ఆ తర్వాత జరిగింది కూడా చెప్పాలి.

ఆ రోజునుంచి, నేను గాంధీ ఆసుపత్రిలో చూపించుకుని వచ్చిన ప్రతిసారీ ఆమె అడిగే మాట ఒకటే: "రక్తం ఎంతున్నదన్నరు?" బిడ్డ ఎట్లున్నది, ఆడా మగా అన్న మాటలేవీ లేవు. మాతా శిశు కార్డు తెరిచి ఆ అంకె చూపించాల్సిందే. ఆమెకు చదువు రాదు, అంకెలొచ్చు. మొదట నాకు హిమోగ్లోబిన్ 8.4 ఉండేది. గర్భిణికి 11 కంటే తక్కువుంటే రక్తహీనతే, 7 కంటే దిగితే ప్రమాదం. కాన్పు తర్వాత రక్తస్రావం మన దేశంలో తల్లుల ప్రాణాలు తీస్తున్న ప్రధాన కారణాల్లో ఒకటి. ముందే రక్తం తక్కువున్న ఒళ్లు ఆ దెబ్బకు తట్టుకోలేదు. ఇవన్నీ డాక్టరమ్మ నాకు చెప్పినవే, కానీ అప్పటిదాకా ఒక చెవితో విని వదిలేసిన మాటలు. ఐరన్ మాత్రలు వేసుకుంటే మలబద్ధకం, నల్లగా విరేచనం, నోట్లో ఏదో రుచి. నాలాంటి పిల్లలు చాలామంది వాటిని డబ్బాలోనే ఉంచేస్తారు. ఆమె ఎదురుగా కూర్చుని వేయించేది. మాత్ర వేసుకున్నాక గంట దాకా టీ తాగనిచ్చేది కాదు. ఈ టీ సంగతి నర్సు చెప్పిందని నేనే ఒకసారి ఆమెకు చెప్పాను, ఆమె దాన్ని చట్టం చేసేసింది. కాల్షియం మాత్ర వేరే పూటకు మార్చింది. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి భోజనం, గుడ్డు, పాలు ఉంటాయని నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయి పేరు రాయించింది కూడా ఆమే. మీ పై వాటా అమ్మాయి పేరు అక్కడ రాయించారో లేదో కనుక్కోండి, అద్దెకున్నవాళ్లకూ ఇస్తారు.

నెలలు నిండేసరికి నాకు 10.6కి వచ్చింది. మా ఆయన గోదాములో నా రక్తం గ్రూపువాళ్లను ఇద్దర్ని, అవసరమైతే రక్తం ఇవ్వడానికి ముందే మాట్లాడి పెట్టాడు, అదీ పెద్దమ్మ పట్టు పట్టడం వల్లే. "ఏం కాదులే, అందరూ కంటలేరా" అన్నవాళ్లు మా వాడకట్టులో చాలామంది. వాళ్లు మంచివాళ్లే. కానీ ఏమవుతుందో కళ్లారా చూసిన మనిషి ఒక్కతే అది కాకుండా చూసుకుంది.

అలాగని ఆమె చెప్పినవన్నీ నేను పాటించలేదు. ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందనేది, దాన్ని డాక్టరమ్మ దగ్గర తేల్చుకున్నాం. బాలింతకు నీళ్లు తక్కువ ఇవ్వాలని మన ఇళ్లలో ఇంకా అంటుంటారు. పాలిచ్చే తల్లికి దాహమేస్తే తాగాల్సిందే, ఆ పథ్యం వద్దు. తలనొప్పి ఆగకుండా వస్తున్నా, చూపు మసకబారినా, ముఖం ఉబ్బినా, బిడ్డ కదలిక తగ్గినా ఏ పెద్దమ్మనూ అడగక్కర్లేదు, నేరుగా ఆసుపత్రికే. మీ ఇంట్లో ఆసుపత్రి బండి కోసం 102, 108 నంబర్లు గోడ మీద రాసి పెట్టండి.

ఇక మీ అత్తగారి మాటకు వస్తా. బతుకమ్మకు ముందు, పూలు పేర్చే సిబ్బుల కోసం, అంటే వెదురు పళ్లేల కోసం, ఆడవాళ్లు ఆ అరుగు దగ్గరికి బాగా వస్తారు. తాంబాలంలో పేర్చేవాళ్లున్నా, సిబ్బి మీద పేర్చడం అలవాటైన ఇళ్లు వారాసిగూడలో, చిలకలగూడలో చాలా ఉన్నాయి. అప్పటికి నాకు ఏడో నెల. బేరమాడుతూ ఒకామె నన్ను చూసి, "ఈమె దగ్గర కూసున్నవేందమ్మా, నిండు మనిషివి" అన్నది. పెద్దమ్మ ఆ ఎదుటే ఉంది. సిబ్బి చేతికిచ్చి, డబ్బు తీసుకుని, లోపలికి పోయింది. ఆ రోజు మళ్లీ బయటికి రాలేదు. ఆమె అల్లిన సిబ్బి మీద గౌరమ్మను పెట్టొచ్చట, ఆమె పక్కన ఒక పిల్ల కూర్చోకూడదట. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. చేట, గంప, జల్లెడ, పెళ్లికూతురిని తెచ్చే బుట్ట, అన్నీ ఆ చేతులవే కదా. మీ అత్తగారితో వాదం వద్దు గానీ, ఈ ఒక్క మాట నెమ్మదిగా అడగండి.

అసలు కష్టం కాన్పు తర్వాత వస్తుంది. దానికి మీరు సిద్ధంగా ఉండాలి.

నా నొప్పుల రాత్రంతా ఆమె ఆసుపత్రి వరండాలోనే ఉంది. పాప పుట్టింది, ఇద్దరం బాగున్నామని వినగానే వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. మా ఆయనను పంపిస్తే "పనున్నది" అన్నది. పురుడు నాడు బిడ్డను పడుకోబెట్టడానికి కొత్త చేట ఒక పిల్లాడి చేత పంపింది, మెంతిపిండీ నానబెట్టిన కాగితం గుజ్జూ కలిపి నున్నగా అలికిన చేట. తాను మాత్రం గడప తొక్కలేదు. ఊరంతా అనే మాటను ఆమె కూడా నమ్మింది. తన చూపు తగులుతుందని తనే దూరంగా ఉండిపోయింది. 21వ రోజు తొట్టెల అయ్యాక, పాపను ఎత్తుకుని నేనే పోయి ఆ అరుగు మీద నా చోట్లో కూర్చున్నా. ఎత్తుకోమని అడగలేదు. ఆమె కంక చీలుస్తూ "పాలు సాలుతున్నయా" అన్నది. "రక్తం మళ్ల సూపించుకున్నవా" అన్నది. పాపను ఒళ్లోకి తీసుకోవడానికి ఇంకా చాలా రోజులు పట్టింది, అది కూడా పాప ఏడుస్తుంటే నా చేతులు ఖాళీ లేనప్పుడు.

ఈలోపు వాడకట్టులో ఒకరిద్దరు ఆమెతో "నీ బిడ్డే మళ్లా పుట్టింది, ఇంక ఏడ్వకు" అన్నారు. మీకు చేతులెత్తి మొక్కుతా, ఆ మాట ఎవరూ అనకుండా చూడండి. ఆమె కూతురు ఆమె కూతురే. నా పాప నా పాప. ఒకరి చోట్లో ఇంకొకరిని కూర్చోబెడితే ఆ తల్లికి ఏడ్చుకునే హక్కు కూడా లేకుండా పోతుంది. అలాగే ఆ అమ్మాయికి పుట్టిల్లు లేదని పురిటి సేవంతా ఆ పెద్దామె నెత్తిన వేయకండి. రెండు పూటలు అన్నం మీరు పంపండి, స్నానాలకు ఇంకొకరిని మాట్లాడండి. ఆ బుట్టలామె తినడం మానేసినా, బతికేం లాభమన్నట్టు మాట్లాడినా తేలిగ్గా తీసుకోవద్దు. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేకుండా తెలుగులోనే మాట్లాడతారు.

మా అమ్మ పాపకు అన్నప్రాసన అప్పుడు వచ్చింది. అదంతా వేరే కథ. ఇప్పుడు పాప బడికి పోతోంది, సెలవుల్లో బద్దలు ఏరే పని దానిది.

మీరు చేయగలిగిన మంచి పని ఇంకొకటి ఉంది. పురుటికి చేట, తర్వాత ఇంట్లోకి ఒక గంప మీ సందు చివరి బుట్టలామెకే ఆర్డర్ ఇవ్వండి, ఇప్పుడే ఇవ్వండి. ప్లాస్టిక్ చేటలొచ్చాక వీళ్లకు అమ్మకాలు బాగా పడిపోయాయి. ధర ఆమె చెప్పిందే ఇవ్వండి, సగం ముందే చేతిలో పెట్టండి. మెంతి పూత బాగా ఆరాలంటే ఎండ కావాలి, వానలు మొదలైతే వారం పట్టినా ఆరదు. ఆరో నెల అంటున్నారు కాబట్టి ఇంకా టైముంది.