కెన్యాకి సొంత బండి: తీసుకెళ్ళడం సరే, వెనక్కి తెచ్చేదెలా?

ప్రశ్న: నా దగ్గర రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 బైకు ఉంది. వచ్చే జూన్ నుంచి మూడు నెలలు ఉద్యోగానికి సెలవు పెట్టి, ఉత్తర కెన్యాలో టర్కానా సరస్సు వైపు ఆఫ్‌రోడ్ తిరిగి, అట్నుంచటే ఉగాండా కూడా చూసి రావాలని ప్లాన్. బండి మీద ఇంకా లోన్ ఉంది. ఓడలో పంపాలా, విమానంలోనా? ఎవరి దగ్గర పర్మిషన్ తీసుకోవాలి? అక్కడే అమ్మేసి వస్తే రిటర్న్ ఖర్చు మిగులుతుందని ఫ్రెండ్ ఒకడు అంటున్నాడు, నిజమేనా?
(విజయవాడ పాఠకుడు)

జవాబు: మీ ఫ్రెండ్ మాట ముందు పక్కన పెట్టేయండి, ఎందుకంటే మిగతా అన్నిటికీ ముడి అక్కడే ఉంది. బండిని డ్యూటీ కట్టకుండా కెన్యా లాంటి దేశంలోకి తీసుకెళ్ళాలంటే కార్నెట్ అనే పుస్తకం కావాలి, మన దేశంలో దీన్ని ముంబైలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ వాళ్ళు ఇస్తారు, ఒక ఏడాది చెల్లుతుంది. ఊరికే ఇవ్వరు, బండి విలువా మీరు వెళ్ళే దేశాలూ చూసి దానికి తగ్గట్టు బ్యాంకు గ్యారంటీ అడుగుతారు. రేపు మీరు బండి అక్కడే వదిలేశారనుకోండి, కెన్యా కస్టమ్స్ వాళ్ళు దిగుమతి సుంకం కట్టమని కార్నెట్ ఇచ్చినవాళ్ళని అడుగుతారు, వాళ్ళు మీ గ్యారంటీలోంచి లాగేస్తారు. అమ్మడమే కాదు, బండి లోయలో పడి తుక్కయిపోయినా సరే, దాన్ని బయటికి తీసుకెళ్ళినట్టో, అక్కడే కస్టమ్స్ వాళ్ళ ముందు ధ్వంసం చేసినట్టో కాగితం ఉండాల్సిందే.

ఆ పుస్తకంలో ఒక్కో పేజీకి మూడు ముక్కలుంటాయి, లోపలికి వెళ్ళేటప్పుడు కింది ముక్క చింపుకుంటారు, బయటికి వచ్చేటప్పుడు మధ్య ముక్క, పై ముక్క మీ దగ్గరే ఉంటుంది, దాని మీద లోపలికీ బయటికీ రెండు స్టాంపులూ పడాలి. ఆఫీసర్ బిజీగా ఉండి వెళ్ళు వెళ్ళు అన్నా కదలకండి, స్టాంపూ సంతకం తేదీ కళ్ళారా చూసుకున్నాకే బండి స్టార్ట్ చేయండి. ముందు ఇక్కడ మన పోర్టులో కూడా బండి తాత్కాలికంగా బయటికి వెళ్తోందని కస్టమ్స్‌లో నమోదు చేయించాలి, లేకపోతే తిరిగొచ్చాక ఇది నా పాత బండే మొర్రో అని మీరు మొత్తుకోవాలి.

లోన్ ఉంది కాబట్టి ఫైనాన్స్ వాళ్ళ ఎన్‌ఓసీ తప్పనిసరి. అది తేలేదాకా మిగతా వాటికి ఒక్క రూపాయి కూడా కట్టొద్దు, బండి దేశం దాటుతుందంటే చాలామంది లోన్ వాళ్ళు మొహం చిట్లిస్తారు. మూడు నెలల సెలవు పెట్టే స్తోమత ఉంటే ముందు లోన్ క్లియర్ చేసేయడమే సుఖం అని నా అభిప్రాయం.

ఇక ఓడా విమానమా అనేది. ముంబై దగ్గరి న్హవా షేవా పోర్టు నుంచి కెన్యాలోని మొంబాసా పోర్టుకి ఓడలో పంపడం చవకే, కానీ ప్రయాణం రెండు వారాలు అనుకుంటే లోడింగూ పోర్టూ క్లియరింగూ అన్నీ కలిపి చేతికొచ్చేసరికి నెల అనుకోండి, పైగా ఇక్కడ కట్టే ఫ్రైట్ చూసి ఇంతేనా అని సంబరపడితే అక్కడ పోర్టు ఛార్జీలు, స్టోరేజీ, క్లియరింగ్ ఏజెంటు ఫీజు అని మళ్ళీ బాదుతారు, కొటేషన్ అడిగేటప్పుడే మొంబాసా ఖర్చులు కూడా కలిపి రాసివ్వమనండి. మొంబాసాలో దిగితే నైరోబీ ఇంకో 480 కిలోమీటర్లు, అది హాయిగా నడుపుకుంటూ వెళ్ళొచ్చు.

విమానంలో అయితే అసలు ఆట అంతా క్రేటు సైజుది. కార్గోలో అసలు బరువూ, సైజు బట్టి లెక్కకట్టే బరువూ, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి డబ్బులు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగించాలి. బండిని అలాగే నిలబెట్టి 240 x 95 x 140 పెట్టెలో పెడితే 532 కిలోలకి బిల్లు పడుతుంది, మీ బండేమో పెట్రోలుతో సహా 196 కిలోలు. అదే ముందు చక్రం ఊడదీసి, అద్దాలూ వైజరూ తీసి, హ్యాండిల్ కిందకి తిప్పి, సస్పెన్షన్ బెల్టులతో బిగించి 200 x 75 x 110లో ఇరికించగలిగితే 275. సగానికి సగం దిగిపోయింది చూశారా, మెకానిక్‌ని ఒక పూట పక్కన పెట్టుకుంటే వచ్చే లాభం ఇది. ట్యాంకు ఖాళీ చేయాలి, బ్యాటరీ కనెక్షన్ తీసేయాలి, క్రేటు చెక్కకి హీట్ ట్రీట్‌మెంట్ ముద్ర ఉండాలి, ముద్ర లేని చెక్కని అక్కడ ఆపేస్తారు. ఆ క్రేటు పారేయకండి, నైరోబీలో ఎక్కడైనా దాచుకోండి, తిరుగు ప్రయాణానికి మళ్ళీ అదే కావాలి కదా.

మీకు మూడు నెలలుంది కాబట్టి సరే అంటున్నా. మూడు వారాల ట్రిప్‌కి ఇంత తతంగం దండగ, నైరోబీలో అద్దెకి తీసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి, వాడి స్నేహితుడు కలిసి బండ్ల మీద లొయంగలాని అనే ఊరికి వెళ్తారట. మ్యాప్‌లో చూస్తే చుట్టూ ఏమీ లేదు. నాకు నిద్ర పట్టట్లేదు. అటు దొంగలు ఉంటారని విన్నాను. పైగా వాడు మాంసం ముట్టడు. ఎలాగండీ?
(రాజమండ్రి నుంచి ఒక తల్లి)

జవాబు: అమ్మా, ఇద్దరు వెళ్తున్నారు కాబట్టి సగం భయం తీసేయండి, ఒక్కడే అంటే నేనూ వద్దనేవాణ్ణి. లొయంగలాని టర్కానా సరస్సు ఒడ్డున ఉన్న ఊరు. మీరు విన్నది అబద్ధం కాదు, ఆ దారిలో మరలాల్ అనే ఊరు దాటాక బరగోయి, సుగుటా లోయ వైపు పశువుల కోసం దాడులు, కాల్పులు జరుగుతుంటాయి, 2012లో బరగోయి దగ్గర పోలీసుల మీదే కాల్చి నలభై మందికి పైగా చంపేశారు. పర్యాటకుల మీద పగేం లేదు గానీ మధ్యలో ఇరుక్కోకూడదు. అందుకని మరలాల్లో పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి ఈ వారం దారి ఎలా ఉందని అడిగి, వాళ్ళు సరే అంటేనే కదలాలి, వద్దంటే ఇసియోలో నుంచి మార్సబిట్‌కి తారు రోడ్డు ఉంది, అక్కణ్ణుంచి చల్బి ఎడారి మీదుగా నార్త్ హార్, లొయంగలాని చేరొచ్చు. చీకటి పడ్డాక బండి నడపకూడదు, ఇది మాత్రం ఒట్టు వేయించుకోండి. సోమాలియా సరిహద్దు వైపు, అంటే గరిస్సా, వజీర్, మండేరా అసలు వెళ్ళకూడదు.

నిజం చెప్పాలంటే దొంగల కన్నా ఎండా రాళ్ళూ ఎక్కువ ప్రమాదం. సరస్సు ఒడ్డు పొడుగునా నల్లటి లావా రాళ్ళు, పైనుంచి బండిని పక్కకి తోసేసే గాలి, అందుకే అక్కడ పెద్ద విండ్ పవర్ ప్రాజెక్టు కూడా కట్టారు. సరస్సు నిండా నీళ్ళే కానీ తాగడానికి పనికిరావు, ఉప్పు, సోడా, పైగా మొసళ్ళు. మనిషికి రోజుకి ఆరేడు లీటర్ల మంచినీళ్ళు బండి మీదే ఉండాలి.

తిండికి లోటు లేదమ్మా. కెన్యాలో ఏ చిన్న హోటల్‌కి వెళ్ళినా చపాతీ దొరుకుతుంది, దాంతో ఎన్‌డెంగు అని పెసల కూర ఇస్తారు. ఉగాలి అయితే మన సంగటి లాంటిదే, రాగి బదులు మొక్కజొన్న పిండి. సుకుమా అనే ఆకుకూరతో తింటారు. సరస్సు దగ్గర మాత్రం చేపలు, మేక మాంసమే ఎక్కువ, ఆ నాలుగు రోజులకి అటుకులు, పొడులు కట్టివ్వండి.

ప్రశ్న: ఇన్సూరెన్సు, లైసెన్సు, టీకాలు వగైరా షార్ట్‌గా చెప్పండి. స్పేర్లు ఏం పట్టుకెళ్ళాలి?
(హైదరాబాద్ పాఠకుడు)

జవాబు: ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ మన ఆర్టీవో ఆఫీసులోనే ఇస్తారు, ఏడాది చెల్లుతుంది. ఇక్కడి బండి ఇన్సూరెన్సు అక్కడ చెల్లదు, కెన్యాలో థర్డ్ పార్టీ తీసుకుని, ఉగాండా కూడా వెళ్తే ఆ ఇన్సూరెన్సు పక్క దేశంలోనూ చెల్లేలా కొమెసా ఎల్లో కార్డ్ అడగండి. ఎల్లో ఫీవర్ టీకా మీరు మర్చిపోయినా మన ఎయిర్‌పోర్టు వాళ్ళు మర్చిపోరు, సర్టిఫికెట్ లేకుండా కెన్యా నుంచి దిగితే క్వారంటైన్‌లో పెడతారు. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి.

స్పేర్లంటే క్లచ్ ప్లేట్లు, క్లచ్ వైరు, లీవర్లు, బ్రేక్ ప్యాడ్లు, ఎయిర్ ఆయిల్ ఫిల్టర్లు, చైన్ లింకులు, ముందుకీ వెనక్కీ మందపాటి ట్యూబులు, టైర్ లీవర్లు, గాలి పంపు. అక్కడ బోడా బోడాల్లో, అంటే బైక్ టాక్సీల్లో, సగం మన బజాజ్ బాక్సర్లూ టీవీఎస్ బండ్లే, కాబట్టి పంచర్లు, వెల్డింగు ఏ ఊళ్ళోనైనా చిటికెలో అయిపోతాయి, కానీ మీ బండి పార్టులు మార్సబిట్‌లో అడిగితే నవ్వుతారు. లగేజీకి ఇనప పెట్టెలు వద్దు, రాళ్ళలో పడితే కాలు ఇరుక్కుంటుంది, మెత్తటి బ్యాగులు చాలు. సరస్సు రూట్లో పెట్రోలు డ్రమ్ముల్లో అమ్ముతారు, గుడ్డతో వడకట్టి పోయించుకోండి. దిగగానే సిమ్ తీసుకుని ఎం-పెసా, అంటే ఫోన్‌లో డబ్బులు కట్టే ఏర్పాటు, పెట్టించుకోండి, టీ నుంచి పెట్రోలు దాకా దాంట్లోనే. నేషనల్ పార్కుల్లోకి దాదాపు ఎక్కడా బైకులు రానివ్వరు, సింహాలు చూడాలంటే ఆ రోజుకి జీపు మాట్లాడుకోవాల్సిందే.

ఇంకొకటి, సిగ్నల్ లేని చోట్ల కోసం గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ డివైస్ చాలామంది రైడర్లు కొంటారు కదా, అది ఇక్కడ్నుంచి పట్టుకెళ్ళొద్దు, మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా దగ్గర పెట్టుకుంటే కేసు అవుతుంది, ఎయిర్‌పోర్టుల్లో పట్టుబడినవాళ్ళున్నారు. కావాలంటే నైరోబీలో అద్దెకి అడగండి, ఫ్లైట్ ఎక్కేముందు అక్కడే ఇచ్చేసి రండి.