పక్కన ఖాళీ స్థలం ఉంటే కోరల్ వైన్ నేలలో పెట్టకండి

ప్రహరీ మీదకి గులాబీ రంగు పూల తీగ కోరల్ వైన్ పాకించాలనుకుంటున్నాం, పక్కన ఖాళీ ప్లాటు ఉంది, మరీ పెరిగిపోతే మొదలు నరికేస్తే సరిపోతుందా అని అడిగారు. నరికితే పోదండీ. పక్కన ఖాళీ స్థలం ఉన్నప్పుడు అసలు నేలలో పెట్టొద్దనే నా సలహా. మేము పెట్టి నాలుగేళ్లు అవస్థ పడ్డాం కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

కాకినాడ దగ్గర మా అమ్మ వాళ్ల ఇల్లు. గేటు పక్కన నీడ కోసం అమ్మే ముచ్చటపడి చిన్న మొక్క తెప్పించి పెట్టింది. మొదటి ఏడాది ఎంత అందంగా ఉందో చెప్పలేను. గోడంతా గులాబీ గుత్తులు, పొద్దున్నే తేనెటీగల రొద. రెండో ఏడు వానలకి గోడ దాటి పక్క ప్లాటులోకి దిగింది. అక్కడి కానుగ చెట్టు ఎక్కి, ఆ వెనక పిన్నిగారి పెరట్లో మునగ చెట్టును కప్పేసింది. పూగుత్తి చివరే నులితీగలు ఉంటాయి దీనికి, దొరికినదాన్నల్లా పట్టుకుని పైకి పోతుంది. కింద ఆకులకి ఎండ తగలదు. ఆ బరువుకి ఒకరోజు గాలివానలో మునగ కొమ్మ విరిగి పడింది. పిన్నిగారు ఒక్క మాటా అనలేదు. అమ్మ మాత్రం చాలా బాధపడింది.

అప్పుడు మొదలంటా నరికేశాం. ఎండాకాలమంతా ఏమీ లేదు, చచ్చిపోయిందనుకున్నాం. తొలకరి పడిన రెండు వారాలకే, ఒక్క తీగ ఉన్నచోట ఏడెనిమిది మొలకలు! గునపంతో తవ్వితే అసలు సంగతి తెలిసింది. లోపల చిలగడదుంపల్లా దుంపలు, గొలుసుకట్టుగా. తిండంతా అక్కడ దాచుకుని ఉంటుంది. పైన ఎన్నిసార్లు కోసినా దుంప ఉన్నంతకాలం మళ్లీ లేస్తుంది. తవ్వేటప్పుడు విరిగి మట్టిలో ఉండిపోయిన ముక్క కూడా మొలుస్తుంది.

దీనికంటే పెద్ద తప్పు మేం ఆ తర్వాత చేశాం. తవ్విన దుంపలు, ఎండిన పూగుత్తులు అన్నీ గోనెసంచుల్లో నింపి కాలవ గట్టున పోయించాం. మరుసటేడు ఆ గట్టు మీద పొదల పైన గులాబీ పూలు కనిపించాయి. దీని గింజలు నీళ్ల మీద తేలతాయి, కాలవ ఎటు పోతే అటు పోతాయి. మన పెరడు మనం బాగుచేసుకోగలం, కాలవ గట్టును ఎవరు శుభ్రం చేస్తారు? ఇప్పటికీ అటు వెళ్తే మనసు చివుక్కుమంటుంది.

ఇది మన దేశపు మొక్క కాదు, మెక్సికో నుంచి అందం కోసం ఊళ్లూ దేశాలూ దాటింది. పసిఫిక్ దీవి గువామ్‌లో, అమెరికాలోని ఫ్లోరిడాలో, కరీబియన్‌లోని సింట్ యుస్టేషియస్ అనే చిన్న దీవిలో స్థానిక మొక్కల్ని కప్పేస్తూ పెద్ద సమస్య అయింది. అలాగని తీగ జాతి చెడ్డదని కాదు. మన కావ్యాల్లో అంత గొప్పగా చెప్పుకునే మాధవీలత మన అడవుల్లో తన మానాన తాను ఉంటుంది. అదే రీయూనియన్, మారిషస్ దీవులకి వెళ్లి అక్కడి అడవుల్ని పీక్కుతింటోంది. ప్రపంచంలో అతి ప్రమాదకరమైన 100 దురాక్రమణ జాతుల జాబితాలో దాని పేరు ఉంది. ఎక్కడ పెడుతున్నాం అన్నదే ముఖ్యం.

ఇప్పటికే పెట్టేసి ఉంటే, పూలు వాడి గింజ కట్టకముందే గుత్తులు కోసేయండి. వాన పడి నేల మెత్తబడ్డాక తీగ మొదలు పట్టుకుని దుంప దాకా నిదానంగా తవ్వండి, గబగబా లాగితే తెగి ముక్క లోపలే ఉండిపోతుంది. తీసిన దుంపల్ని డాబా మీద పరిచి, ఒరుగుల్లా ఎండాక కాల్చేయండి. చెత్తకుప్పలో, కంపోస్టులో మాత్రం వేయొద్దు. ఆ తర్వాత కూడా కనీసం రెండు మూడు వానాకాలాలు వారానికోసారి చూసుకోవాలి. కొందరు కలుపు మందు కొట్టమన్నారు కానీ బావి పక్కనే ఉంది, మాకు ధైర్యం చాల్లేదు.

గోడకి పూలే కావాలంటే శంఖుపూలు పెట్టుకోండి, పందిరికి సన్నజాజి. రాధామనోహరం కూడా సువాసనకి ఎంతో బాగుంటుంది, కానీ వేళ్ల నుంచి పిలకలు వేస్తూ పెద్దదవుతుంది, ఏటా కత్తిరించే ఓపిక ఉంటేనే. కోరల్ వైనే కావాలని మనసు పడితే డాబా మీద సిమెంటు తొట్టిలో పెట్టండి. తొట్టి నేల మీద ఉంటే అడుగు కన్నంలోంచి వేరు దిగిపోతుంది.

మా గేటు పక్కన ఇప్పుడు సన్నజాజి ఉంది. మొన్న జూన్‌లో దాని మొదట్లో కోరల్ వైన్ మొలక ఒకటి కనిపించింది, హృదయం ఆకారపు ఆకు చూడగానే గుర్తుపట్టాను. అమ్మ అప్పటికే గునపం తెచ్చింది.