రెలిజియస్ స్టడీస్: మేజరా, మైనరా?

ప్రశ్న: మా అమ్మాయికి యూనివర్సిటీలో సీటు ఖాయమైంది. సైకాలజీ చదువుతుందనుకున్నాం. ఇప్పుడేమో మతం, ఆధ్యాత్మికత మేజర్‌గా, అంటే ప్రధాన సబ్జెక్టుగా తీసుకుంటానంటోంది. చిన్నప్పటి నుంచి ధ్యానం మీద ఆసక్తి ఎక్కువ. ఈ చదువుతో ఉద్యోగం దొరుకుతుందా? కనీసం మైనర్‌గా, అంటే పక్క సబ్జెక్టుగా తీసుకోమని నచ్చజెప్పమంటారా?

జవాబు: మీ టెన్షన్ ఉద్యోగం గురించి. సరే, అక్కడికే వస్తాను. అంతకంటే ముందు తేలాల్సిన సంగతి ఒకటుంది. మీ అమ్మాయికి ఇష్టమైనది ధ్యానం చేయడమా, ధ్యానం గురించి చదవడమా? రెండూ ఇష్టమే కావచ్చు, కానీ యూనివర్సిటీలో మార్కులు పడేది రెండోదానికే. మనశ్శాంతి కోసం ఈ క్లాసులో చేరిన పిల్లలు మొదటి సెమిస్టర్‌లోనే డీలా పడిపోతుంటారు.

ఎందుకంటే ఈ డిపార్ట్‌మెంట్లు నడిచే పద్ధతే వేరు. థియాలజీ ఒక మతంలో ఉండి ఆ మతాన్ని అర్థం చేసుకునే చదువు. రెలిజియస్ స్టడీస్ ఏ మతం పక్షాన్నీ తీసుకోదు. అమెరికా సుప్రీంకోర్టు 1963లో ప్రభుత్వ బడుల్లో బైబిల్ పఠనం, ప్రార్థనలు చేయించడం కుదరదంది. అదే తీర్పులో, మతం గురించి నిష్పక్షపాతంగా పాఠం చెప్పడానికి అభ్యంతరం లేదనీ స్పష్టం చేసింది. ఆ తర్వాత అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఈ సబ్జెక్టు బాగా పుంజుకుంది. బ్రిటన్‌లో 1967లో లాంకాస్టర్ యూనివర్సిటీలో నినియన్ స్మార్ట్ అనే పండితుడు పెట్టిన డిపార్ట్‌మెంట్ కూడా ఈ బాటలోదే. కాబట్టి మీ అమ్మాయి సన్యాసుల్లో కలిసిపోతుందన్న భయం మనసులో ఎక్కడైనా ఉంటే తీసెయ్యండి. ఈ క్లాసుల్లో నమ్మేవాళ్లూ ఉంటారు, నాస్తికులూ ఉంటారు.

క్లాసులో అడిగే ప్రశ్నలు ఎలా ఉంటాయో ఒక మచ్చు చూడండి. చార్లెస్ విల్కిన్స్ ఇంగ్లిష్‌లోకి తెచ్చిన భగవద్గీత 1785లో లండన్‌లో అచ్చయింది. దాని ముందు, గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్ ఈస్టిండియా కంపెనీ ఛైర్మన్‌కు రాసిన ఉత్తరం ఉంటుంది. తాము ఏలుతున్న జనం గురించి ఎంత తెలుసుకుంటే రాజ్యానికి అంత ఉపయోగమని అందులో అంటాడు. గీతలో పది శ్లోకాలు గడగడా అప్పజెప్పే అమ్మాయిని ఇక్కడ అడిగేది శ్లోకాల తాత్పర్యం కాదు. వ్యాపారానికి వచ్చిన కంపెనీకి ఈ గ్రంథంతో ఏం పని? ఈ ఉత్తరం చదివాక పాఠకుడు గీతను ఏ కళ్లతో చూస్తాడు? దీని మీద ఐదు పేజీలు రాసుకురమ్మంటారు. ఇలాంటి ప్రశ్న వింటే మీ అమ్మాయికి హుషారు వస్తుందా, చిరాకు వస్తుందా? ఆ జవాబు నా సలహా కంటే ఎక్కువ పనికొస్తుంది.

ఇక ఉద్యోగం. రెలిజియస్ స్టడీస్ డిగ్రీ కావాలని ప్రత్యేకంగా అడిగే ప్రకటనలు చాలా అరుదు, దాచిపెట్టడం ఎందుకు? జర్నలిజం, స్వచ్ఛంద సంస్థలు, మ్యూజియంలు, దౌత్యం, టీచింగ్‌లో ఈ చదువు అక్కరకొస్తుంది, కానీ దానికి తోడు ఇంకో నైపుణ్యం ఉండాలి. లా చదవాలనుకునేవాళ్లకు మంచి పునాది. డాక్టర్ కావాలనుకునేవాళ్లకూ ఇది అడ్డు కాదు. అమెరికా మెడికల్ కాలేజీల ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌లో చదివి విశ్లేషించే విభాగం ఒకటి ఉంటుంది. అందులో ఇచ్చే వ్యాసాలు మతం, తత్వశాస్త్రం లాంటి విషయాల నుంచి కూడా వస్తాయి.

ఆధ్యాత్మికతకు నేరుగా దగ్గరగా ఉండే ఉద్యోగం ఒకటుంది. ఆసుపత్రుల్లో రోగుల పక్కన కూర్చుని, వాళ్ల మతం ఏదైనా సరే, ధైర్యం చెప్పే చాప్లెయిన్ పని. అమెరికాలో ఈ పనికి బోర్డు సర్టిఫికేషన్, అంటే వృత్తిపరమైన గుర్తింపు కావాలంటే డిగ్రీ సరిపోదు. పీజీ చేయాలి, ఆపైన క్లినికల్ పాస్టోరల్ ఎడ్యుకేషన్ అనే శిక్షణ నాలుగు యూనిట్లు పూర్తి చేయాలి. ఓపికతో పాటు గుండె దిటవు కూడా కావాల్సిన పని. అందరికీ పడదు.

ప్రొఫెసర్ కావాలనుకుంటే మాత్రం మేజరే తీసుకోవాలి, పీహెచ్‌డీ దాకా వెళ్లాలి. ఆ దారిలో అసలు గండం భాషలు. బౌద్ధం మీద పరిశోధనంటే పాళీ, సంస్కృతం, టిబెటన్, చైనీస్‌లలో కొన్నయినా రావాలి. పరిశోధన వ్యాసాలు చదవడానికి ఫ్రెంచో జర్మనో కూడా అడిగే యూనివర్సిటీలు చాలా ఉన్నాయి. డిగ్రీ రెండో ఏడాదికల్లా ఒక మూలభాష మొదలుపెట్టని విద్యార్థికి ఈ దారి కష్టమని నా అభిప్రాయం. ఇంత చేసినా ప్రొఫెసర్ పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ.

మీరు రాసినదాన్ని బట్టి మీ అమ్మాయికి నా ఓటు సైకాలజీ మేజర్, రెలిజియస్ స్టడీస్ మైనర్. ఈ రెండింటికీ చుట్టరికం పాతదే. సైకాలజీకి పునాది వేసినవాళ్లలో ఒకరైన విలియం జేమ్స్ ఎడిన్‌బరోలో మతానుభవాల మీద ఇచ్చిన ఉపన్యాసాలు 1902లోనే పుస్తకంగా వచ్చాయి. ధ్యానం మెదడు మీద, మనసు మీద చూపే ప్రభావం ఇప్పుడు పరిశోధనాంశం. అక్కడ సైకాలజీ చదివి, గణాంకశాస్త్రం తెలిసి, ఆ సాధన ఏ సంప్రదాయం నుంచి వచ్చిందో కూడా చెప్పగలిగితే మాటకు విలువ పెరుగుతుంది.

అయితే మీరు నచ్చజెప్పే పని పెట్టుకోకండి. అమెరికా తరహా యూనివర్సిటీ అయితే మేజర్ ప్రకటించడానికి సాధారణంగా రెండో ఏడాది చివరిదాకా గడువుంటుంది. మేజర్‌కు దాదాపు పది కోర్సులు, మైనర్‌కు ఐదారు. మొదటి ఏడాది సైకాలజీతో పాటు మతాల పరిచయ కోర్సు ఒకటి తీసుకోమనండి. రెండో సెమిస్టర్‌లో, మతాన్ని ఎలా అధ్యయనం చేయాలో నేర్పే థియరీ, మెథడ్ కోర్సు తప్పనిసరిగా తీసుకోమనండి. వెబర్, దర్కీమ్ లాంటి సామాజిక శాస్త్రవేత్తలను చదివించే ఆ కోర్సే అసలు పరీక్ష. అది నచ్చి, ఇంకా కావాలంటే మేజర్‌కు సరేననండి, లేదా రెండూ మేజర్‌గా చేయనివ్వండి. బ్రిటన్ తరహా యూనివర్సిటీ అయితే చేరేటప్పుడే సబ్జెక్టు తేల్చాలి. మధ్యలో మారడం అంత తేలిక కాదు కాబట్టి అక్కడ రెండు సబ్జెక్టులు కలిపి ఇచ్చే జాయింట్ డిగ్రీ ఉందేమో చేరకముందే కనుక్కోండి.