నాడి పట్టి జబ్బు చెప్పమంటే ఏం చేయాలి?

డాక్టర్ గారూ, బరంపురంలో మీ క్లినిక్‌కి వచ్చేవాళ్లు నోరు విప్పకుండా చెయ్యి చాపి "జబ్బేంటో మీరే చెప్పండి" అంటున్నారని, చెప్పలేకపోతే నమ్మట్లేదని రాశారు. ఆ పోటీకి అసలు ఒప్పుకోకండి. ఆయుర్వేదంలో రోగిని ఎనిమిది రకాలుగా చూసే అష్టస్థాన పరీక్షలో నాడి ఒకటి మాత్రమే. నాలుక, కళ్లు, మలమూత్రాలూ చూడాలి కదా!

నాడి కోసం పొద్దున్నే పరగడుపున రమ్మనండి. భోంచేసిన వెంటనే, తలంటుకున్న వెంటనే చూడకూడదని శాస్త్రమే చెబుతోంది. చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్ల కింద వాత, పిత్త, కఫాలు ఎలా తెలిశాయో, ల్యాబ్ రిపోర్టులు చూడకముందే కాగితం మీద రాసి ఒక కాపీ రోగికే ఇవ్వండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. తర్వాత సరిపోల్చుకునే వీలుంటేనే జనానికి నమ్మకం కుదురుతుంది. షుగర్, బీపీ మాత్రం నాడితో తేల్చకండి, పరీక్షలు చేయించండి.

వీలైతే అదే చేతిని ఇంకో వైద్యుడికి విడిగా చూపించండి. అంకుశపూర్ ఆయుర్వేద కాలేజీ మీకు దగ్గరే, అక్కడి సీనియర్లను అడిగి చూడండి.