వర్జీనియా రోడ్ల పక్కన చరిత్ర ఫలకాలు ఎలా మొదలయ్యాయి?

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో దారి పక్కన కనిపించే వెండిరంగు ఫలకాలను ఎవరు, ఎందుకు పెట్టించారన్నది ప్రశ్న. మోటారు కార్లు పెరుగుతున్న రోజుల్లో, పర్యాటకులను రప్పించాలన్న ఉద్దేశంతో రాష్ట్ర ప్రభుత్వం 1927లో ఒకటో నంబరు జాతీయ రహదారి వెంట తొలి ఫలకాలను నిలబెట్టింది. అమెరికాలో ఇలాంటి తొలి పథకాల్లో ఇదొకటి.

దగ్గరికి వెళ్లి చూస్తే, స్తంభం మీద పోతపోసిన లోహపు పలక, దానిపై ఉబ్బెత్తు నల్లని అక్షరాలు, పైభాగాన ఒక అక్షరమూ అంకెలూ కలిసిన గుర్తు కనిపిస్తాయి. తొలినాళ్లలో ఆ అక్షరమే అది ఏ రహదారిపై ఉన్నదో తెలిపేది. ఇప్పుడు విషయమంతా సుమారు 100 మాటల్లో ఒదగాలి. అంత కురచగా, తప్పు లేకుండా రాయడం నిజంగా కష్టమైన పని.

తొలి దశాబ్దాల ఫలకాల్లో వలస పాలన కాలమూ అంతర్యుద్ధమూ నిండిపోగా, నల్లజాతివారికీ స్త్రీలకూ ఆదివాసులకూ చోటు చాలా తక్కువగా దక్కింది. నా దృష్టిలో ఈ పథకపు అసలైన ఎదుగుదల ఆ లోటును పూడ్చడంలోనే ఉంది.

నేడు చారిత్రక వనరుల శాఖ దీన్ని నడుపుతోంది. ప్రతిపాదించినవారే ఖర్చు భరిస్తారు, చరిత్రకారులు ఆధారాలు పరిశీలిస్తారు, ఆపై రాష్ట్ర చారిత్రక వనరుల మండలి ఆమోదిస్తుంది. ఇలా నిలిచిన ఫలకాలు 2,500 దాటాయి.