మట్టి డిబ్బీ ఆకారంలో అట్ట ఉన్న ఎల్పీ: బాంకో దెల్ ముతువో సొక్కోర్సో ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇది: చదువుకోడానికి ఇటలీ వచ్చారు, బాంకో అనే పాత రాక్ బ్యాండ్ పాటలు విన్నారు, బాగా నచ్చాయి. ఇప్పుడు వాళ్ళ ఎల్పీలు (పెద్ద గ్రామఫోను రికార్డులు) కొనాలనుంది. ఏది ముందు కొనాలి, మొదటి ఎల్పీ పాత కాపీకి అంత రేటు ఎందుకు, రీఇష్యూ, అంటే తర్వాత మళ్ళీ వేసిన కాపీ, సరిపోదా?

వినడానికైతే రీఇష్యూ చాలు, మొహమాటం అక్కర్లేదు. మొదట కొనాల్సింది కూడా మొదటి ఎల్పీ కాదు, రెండోది. మొదటి ఎల్పీ ఒరిజినల్ మాత్రం చేతికి తీసుకుని, తిప్పి చూసి, వేలు పెట్టి తడిమి కొనాల్సిన వస్తువు. ఆ పని చేయక నేను ఒకసారి డెబ్బై యూరోలు పోగొట్టుకున్నా. ఆ సంగతి తర్వాత చెప్తా.

నేను మిలాన్‌కి ఎం.ఎస్. చేయడానికి వచ్చిన కొత్తలో మా ఇంటి ఓనరు గారి దగ్గర పాత రికార్డ్ ప్లేయర్ ఉండేది. ఆదివారం పొద్దున్నే ఏదో ఒకటి పెట్టేవారు. గోడ అవతల నుంచి ఒక రోజు ఒక గొంతు వినిపించింది. రాక్ సంగీతం అంటే నాకు తెలిసిన అరుపు కాదు. మా తెనాలి వైపు పద్యనాటకంలో రాగం ఎత్తుకుని, ఊపిరి తీసుకోకుండా అలా సాగదీసే నటుడి గొంతులా ఉంది. భాష అప్పటికి ఒక్క ముక్క రాదు. తలుపు కొట్టి ఎవరని అడిగా. ఆయన అట్ట చూపించారు. అది చతురస్రంగా లేదు. మన కుమ్మరి దగ్గర కొనే మట్టి డిబ్బీ ఉంటుంది చూడండి, చిల్లర వేసుకునేది, పగలగొడితే గానీ డబ్బులు రానిది. అచ్చం అలా, గుండ్రంగా కత్తిరించిన అట్ట. ఇటాలియన్‌లో దాన్ని సాల్వదనాయో అంటారు. బ్యాండ్ పేరులో బ్యాంకు ఉంది కాబట్టి అట్ట డిబ్బీ అయింది.

పేరు సంగతి కూడా చెప్పాలి, సరదాగా ఉంటుంది. ముతువో సొక్కోర్సో అంటే పరస్పర సహాయం. పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడి కార్మికులు తలా కొంచెం చందా వేసుకుని, ఎవరికైనా జబ్బు చేసినా పని పోయినా ఆ డబ్బుతో ఆదుకునే సంఘాలు పెట్టుకున్నారు. వాటికి ఆ పేరు. అంటే మన డ్వాక్రా సంఘం పేరు పెట్టుకుని రాక్ బ్యాండ్ మొదలుపెట్టినట్టు అన్నమాట. మా ఓనరు గారికి ఈ మాట అనువదించి చెప్తే చాలాసేపు నవ్వారు.

బ్యాండ్‌కి మూలపురుషుడు విత్తోరియో నొచెంజీ. ఊరు మరీనో, రోమ్ పక్కన కొండల మీద ఉండే, ద్రాక్ష సారాయికి పేరున్న చిన్న ఊరు. తమ్ముడు జాన్నీ కూడా ఉన్నాడు. అన్న హామండ్ ఆర్గాన్, సింథసైజర్లు; తమ్ముడు పియానో. ఒకే బ్యాండ్‌లో ఇద్దరు కీబోర్డు వాళ్ళు ఉండటమే వీళ్ళ శబ్దానికి గుట్టు. ఒకరు వాయిస్తుంటే ఇంకొకరు ఎదురు సమాధానం చెప్తున్నట్టు ఉంటుంది, జుగల్‌బందీలా. గిటార్ మార్చెల్లో తొదారో, బేస్ రెనాతో దాంజెలో, డ్రమ్స్ పియెర్‌లుయీజీ కాల్దెరోనీ. నేను గోడ అవతల నుంచి విన్న గొంతు ఫ్రాంచెస్కో ది జాకొమోది. భారీ మనిషి, గుబురు గడ్డం. ఇటలీ దర్శకుడు ఫెల్లినీ సినిమాలు చూసేవాళ్ళైతే ఆయన్ని చూసే ఉంటారు, పేరు తెలియకుండా: సాటిరికాన్, రోమా, అమార్కోర్డ్ మూడింట్లోనూ చిన్న వేషాలు వేశాడు.

1972లో మిలాన్‌లోని రికార్డీ కంపెనీ వీళ్ళ మొదటి ఎల్పీ, అంటే ఆ డిబ్బీ అట్టది, తెచ్చింది. వెర్ది, పుచ్చీని ఒపేరాల స్వరలిపి అచ్చు వేసిన పాత సంస్థ, 1808 నాటిది, దాని రికార్డుల విభాగం ఇది. అదే ఏడాది రెండో ఎల్పీ డార్విన్! కూడా వచ్చేసింది. మరుసటి ఏడు ఇయో సోనో నాతో లీబెరో, అంటే "నేను స్వేచ్ఛగా పుట్టాను". రెండేళ్ళలో మూడు. నా లెక్కలో వీళ్ళ ఆస్తి అంతా ఈ మూడే. తర్వాత మంచివి లేవని కాదు గానీ, ఇల్లు కాలిపోతుంటే పట్టుకుని పరిగెత్తేవి ఇవే.

డార్విన్!‌తో మొదలుపెట్టమన్నాను కదా. ఎల్పీ అంతా ఒకే కథ: పరిణామ సిద్ధాంతం. మొదటి పాటే దాదాపు పద్నాలుగు నిమిషాలు. ఆ తర్వాత మనిషి రెండు కాళ్ళ మీద నిలబడటం, పెద్ద బల్లుల నాట్యం (జాజ్‌లా నడుస్తుంది, డైనోసార్లు ఒళ్ళు విరుచుకుంటున్నట్టు), ఏడున్నర లక్షల ఏళ్ళ కింద ఒక ఆదిమ మగవాడు నీళ్ళ దగ్గర ఆడమనిషిని చూసి మాటలు లేక తల్లడిల్లడం. ఆ పాట పియానో మీద ది జాకొమో పాడుతుంటే, భాష రాని రోజుల్లో కూడా గొంతులో ఏదో అడ్డం పడేది. ఆఖరి పాట పేరే ఒక సామెతలా ఉంటుంది: ఇప్పుడు నేను కాలాన్నే కాస్త కాలం ఇమ్మని అడుగుతున్నా, అది నాకు చెప్పేది... నా దగ్గర లేదు! కిర్రుమని తిరిగే చక్రం చప్పుడుతో ఆ పాట మొదలవుతుంది. మొదటిసారి విన్నప్పుడు నా ప్లేయర్ పాడైందనుకుని ముల్లు ఎత్తేశా.

డార్విన్! పాత కాపీలు మొదటి ఎల్పీ అంత కష్టంగా ఉండవు, రీఇష్యూలు కూడా బోలెడు. అందుకే దానితో మొదలుపెట్టండి, జేబుకీ మంచిది.

ఇక డిబ్బీ సంగతి. ఒరిజినల్ కాపీలో అట్ట ఆకారమే కాదు, నాణెం వేసే చీలిక కూడా నిజంగా కోసి ఉంటుంది. అందులోంచి లాగితే ఒక అట్టముక్క బయటకి వస్తుంది, దాని మీద బ్యాండ్ వాళ్ళ ఫోటోలు. యాభై ఏళ్ళలో పిల్లలు లాగి, పెద్దవాళ్ళు పారేసి, చాలా కాపీల్లో ఆ ముక్క లేదు. ఉంటే ఒక రేటు, లేకపోతే ఇంకో రేటు. గుండ్రటి అట్ట కాబట్టి మామూలు ప్లాస్టిక్ కవర్లో కుదురుగా ఉండదు, బీరువాలో నిలబెడితే అంచులు నలిగిపోతాయి. శుభ్రంగా ఉన్నది దొరకడమే అరుదు. మీరు చూసిన ఆ వందల యూరోల రేటు పాటకి కాదండి, ఆ అట్టకి, ఆ చిన్న ముక్కకి. తర్వాత తక్కువ ధర సిరీస్‌లో రికార్డీ వాళ్ళు మళ్ళీ వేసినప్పుడు మామూలు చతురస్రపు అట్ట మీద డిబ్బీ బొమ్మ వేసి ఊరుకున్నారు. అందులోనూ పాట అదే.

నేను మోసపోయిన కథ. మిలాన్‌లో నవీల్యో గ్రాందె కాలవ గట్టున నెలాఖరు ఆదివారం పాత సామాన్ల సంత జరుగుతుంది. చదువు అయిపోయి మొదటి జీతం వచ్చిన నెల అక్కడ ఒకాయన దగ్గర డిబ్బీ అట్ట కనపడింది. గుండె ఆగినంత పనైంది. తొంభై అన్నాడు, డెబ్బైకి బేరమాడా. తెలుగువాణ్ణి, బేరం గెలిచానని మురిసిపోతూ ట్రాములో ఒళ్ళో పెట్టుకుని ఇంటికొచ్చా. ఇంటికొచ్చాక చీలికలో వేలు పెడితే లోపల ఏమీ లేదు. సరే పోనీలే అనుకుని డిస్క్ తీశా. పాట అయిపోయాక లేబుల్ చుట్టూ గాడి లేని నల్లటి ఖాళీ ఉంటుంది కదా, ఇటాలియన్ రికార్డుల్లో చాలావాటికి అక్కడ తేదీ గీసి ఉంటుంది, రోజు-నెల-సంవత్సరం. దీపం కింద అటూ ఇటూ వంచి చూస్తే 72 బదులు 76 కనపడింది. పాత అట్టలో తర్వాతి కాలం డిస్క్ పెట్టి అమ్మేశాడు. మళ్ళీ నెల వెళ్తే ఆ బల్ల దగ్గర వేరే ఆయన, రాగి గిన్నెలు అమ్ముకుంటున్నాడు.

కాబట్టి మీరు కొనేటప్పుడు ఫోన్ టార్చ్ వెలిగించి ముందు ఆ తేదీ చూడండి. అమ్మేవాడు మొహం చిట్లిస్తే చిట్లించనివ్వండి. లేబుల్ మీద నంబరు ఎస్ఎంఆర్ఎల్ 6094 ఉండాలి, ఇటలీలో రచయితల, సంగీతకర్తల హక్కుల సంఘం సియాయే ముద్ర కూడా ఉంటుంది. అట్ట మీదా లేబుల్ మీదా నంబర్లు ఒకటే అయినంత మాత్రాన రెండూ ఒకే ఏడాదివని కాదు, నాకు తగిలిన దెబ్బ అదే. వినే అవకాశం ఇస్తే గోలగా ఉండే చోట వినకండి. మొదటి వైపు రెండో పాట యుద్ధభూమి గురించి. గుర్రాలు పరిగెత్తినట్టు మొదలై చివర్లో పియానో మీద నెమ్మదిస్తుంది. దాని తర్వాత పస్సాజ్జో అనే చిన్న ముక్క, ఎవరో నడుచుకుంటూ వచ్చి కూనిరాగం తీస్తున్నట్టు ఉంటుంది. ఈ రెండు చోట్లా వినండి. అరిగిపోయిన కాపీ అయితే పల్లీలు వేగుతున్నట్టు చిటపటలు అక్కడే బయటపడతాయి. రెండో వైపు దాదాపు అంతా పద్దెనిమిది నిమిషాల ఒకే పాట, అందులో గట్టి భాగాల్లో ఎంత గీత ఉన్నా తెలీదు.

నాకు సరైన కాపీ మూడేళ్ళ తర్వాత దొరికింది, లినాతె విమానాశ్రయం పక్కన నొవెగ్రోలో జరిగే రికార్డుల మేళాలో. అమ్మిన పెద్దాయనకి డెబ్బై దాటి ఉంటాయి. నేను అడగకముందే ఆయనే చీలికలోంచి ఆ అట్టముక్కని రెండు వేళ్ళతో, కోడిపిల్లని పట్టుకున్నంత మెల్లగా లాగి చూపించాడు. ఒక మూల చిరిగింది. "ఇది మా చెల్లెలు చేసిన పని, అందుకని ఇరవై తగ్గిస్తా" అన్నాడు. నూట ఎనభై ఇచ్చా. ఆ నెల బయట తిండి మానేశా.

మిగతావి గబగబా చెప్తా. 1975లో ఎమర్సన్, లేక్ అండ్ పామర్ అనే ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ వాళ్ళ కంపెనీ మాంటికోర్ వీళ్ళని బయటి దేశాలకి పరిచయం చేయడానికి బాంకో పేరుతోనే ఒక ఎల్పీ వేసింది, పాత పాటలు ఎక్కువగా ఇంగ్లీషులో. సంతల్లో చవగ్గా దొరుకుతుంది, అందుకని చాలామంది దీనితో మొదలుపెట్టి నిరాశపడతారు. ది జాకొమో ఇంగ్లీషులో పాడితే పట్టుపంచె కట్టుకునే ఆయనకి సూటు తొడిగినట్టుంటుంది. దాని కోసం కొత్తగా చేసిన ఒక ఇటాలియన్ పాట, లాల్బెరో దెల్ పానె, మాత్రం బాగుంటుంది. 1976లో ఒక సినిమాకి చేసిన గారోఫానో రొస్సో, తర్వాత కోమె ఇన్ ఉనుల్తిమా చేనా వచ్చాయి. రెండోదాంట్లో ఇటాలియన్ గాయకుడు ఆంజెలో బ్రాందువార్ది వయొలిన్ వాయించాడు. అప్పటికి తొదారో స్థానంలో రొదొల్ఫో మాల్తెసె గిటారిస్టు. 1978లో ది తెర్రా అంతా వాద్యసంగీతం, ఆర్కెస్ట్రాతో. ఎనభైల్లో పాప్ పాటల వైపు వెళ్ళారు, 1985లో ఇటలీలో పేరున్న సాన్‌రెమో పాటల పోటీలో కూడా పాడారు. ఆ కాలం ఎల్పీలు సంతల్లో కాఫీ ఖరీదుకి దొరుకుతాయి. అంతకంటే ఎక్కువ ఇవ్వకండి.

1991లో మొదటి రెండు ఎల్పీలనీ మళ్ళీ కొత్తగా వాయించి రికార్డు చేశారు. శబ్దం శుభ్రంగా ఉంటుంది గానీ ఇంట్లో వండిన పులుసుని హోటల్లో తిన్నట్టుంటుంది. ఇది నా అభిప్రాయం మాత్రమే, మా ఓనరు గారికి అదే ఇష్టం.

ది జాకొమో 2014 ఫిబ్రవరి 21న రోమ్ దగ్గర రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. ఆ సాయంత్రం ఓనరు గారు ఫోన్ చేశారు. అప్పటికి నేను ఆ ఇల్లు ఖాళీ చేసి రెండేళ్ళయింది. ఎక్కువ మాట్లాడలేదు, రిసీవర్ ప్లేయర్ దగ్గర పెట్టారు, ఏడున్నర లక్షల ఏళ్ళ పాట మొత్తం అయ్యేదాకా ఇద్దరం ఊరుకున్నాం. మరుసటి ఏడాది మాల్తెసె కూడా పోయాడు. విత్తోరియో మాత్రం ఆపలేదు, తోనీ దలెస్సియో అనే కొత్త గాయకుడితో 2019లో ట్రాన్సిబెరియానా అనే ఎల్పీ చేశాడు. పాత గొంతు మీద బెంగ పక్కన పెట్టి వింటే చాలా బాగుంది.

ఒరిజినల్ దొరికితే ఒక్క జాగ్రత్త: ఆ అట్టముక్కని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ లాగి చూపించకండి. మా పిల్లవాడు ఒకసారి ఆ చీలికలో నిజంగానే రెండు యూరోల బిళ్ళ వేశాడు. అది తీయడానికి నాకు గంట పట్టింది. బిళ్ళ అయితే వచ్చింది గానీ, చిరిగిన మూల ఇంకో సెంటీమీటరు చిరిగింది.